సంతకానికి ముందు

ఎం.ఎఫ్. హుసేన్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఒకే చోట మొదలుపెడతారు. 1947, బొంబాయి ఆర్ట్ సొసైటీ వార్షిక ప్రదర్శన. అందులో ‘సునహరా సంసార్’ అనే బొమ్మ పెట్టాడు, నలుగురి కళ్ళలో పడ్డాడు. అప్పటికి ఆయనకి 32 ఏళ్ళు. అంతకు ముందున్న పది పన్నెండేళ్ళని ‘కష్టాలు పడ్డ రోజులు’ అని ఒక్క ముక్కలో దాటేస్తారు. ఫుట్‌పాత్ మీద పడుకున్నాడు, సినిమా బోర్డులు రాశాడు, ఆ తర్వాత కళాకారుడయ్యాడు. ఇదీ వాళ్ళు చెప్పే వరస.

ఈ వరసతోనే నాకు పేచీ. సినిమా బోర్డులు రాసేటప్పుడు ఆయన ఎవరు మరి? మనిషి మొహాన్ని పది అడుగుల ఎత్తున, రోడ్డు అవతలి నుంచి కూడా గుర్తుపట్టేలా గీసేవాణ్ణి ఏమని పిలవాలి? రాజుని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీస్తే పోర్ట్రెయిట్ చిత్రకారుడు అంటాం. థియేటర్ ముందు పరంజా ఎక్కి హీరోయిన్ మొహం గీస్తే బోర్డు రాసేవాడు అంటాం. రెండింటిలోనూ పని ఒకటే, పోలిక పట్టుకోవడం. తేడా అల్లా ఎవరు డబ్బులిస్తారు, ఎవరు చూస్తారు అనే దాంట్లోనే ఉంది. ఈ తేడాని కళా విమర్శ పుట్టుకతో వచ్చిన కులం మాదిరిగా పాటిస్తూ వచ్చింది.

నేను చెప్పదల్చుకున్నవి రెండు సంగతులు. హుసేన్ తన తొలి ప్రదర్శనకి ఆర్ట్ స్కూల్లో కంటే ఎక్కువగా రోడ్డు మీదే తయారయ్యాడు. ఆ ప్రదర్శనతో ఆయనకి ఒక పేరు వచ్చింది, యాభై ఏళ్ళ తర్వాత ఆ పేరే ఆయన బొమ్మలకి అడ్డంగా వచ్చి నిలబడింది. సినిమా బోర్డు మీద సంతకం ఉండదు. అందువల్ల ఆ మొహాలు గీసిన చెయ్యి ఏ మతానిది అని ఎవరూ అడగలేదు. సంతకం పెట్టిన రోజు నుంచీ అడిగే వీలు కలిగింది. ముస్లింలుగా మనమూ, మన పక్కన నిలబడే సెక్యులర్ మిత్రులూ ఈ రెండు సంగతుల్నీ కలిపి చూడాల్సి ఉంది.

ముందు ఆ చెయ్యి ఎక్కడిదో చూద్దాం.

హుసేన్ 1915లో పండరిపురంలో పుట్టాడు. విఠోబా యాత్రికులు నడిచి వచ్చే ఊరు. వీళ్ళది సులేమానీ బోరా కుటుంబం. ఏడాదిన్నర పిల్లాడిగా ఉన్నప్పుడే తల్లి జైనబ్ చనిపోయింది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. తర్వాత ఇందోరులో పెరిగాడు. తాత అబ్దుల్ రేకు దీపాలు చేసేవాడు, బాగుచేసేవాడు. తండ్రి మిల్లులో ఉద్యోగం. కొన్నాళ్ళు బరోడాలో మదర్సాలో ఉండి ఖుష్‌నవీసీ, అంటే అందమైన చేతిరాత, నేర్చుకున్నాడు. కూఫీ లిపి మీద చెయ్యి తిరిగింది అక్కడే.

మదర్సాలో కలం పట్టడం అంటే చాలామందికి మతపరమైన చదువు మాత్రమే కనబడుతుంది. చిత్రకళ కళ్ళతో చూడండి. కూఫీ అక్షరం నిలువుగా, కోణాలతో, స్థలాన్ని కొలిచినట్టు నడుస్తుంది. గీత ఎక్కడ లావు కావాలో, ఎక్కడ తెగాలో, రెండు గీతల మధ్య ఎంత ఖాళీ వదలాలో చేతికి తెలియాలి. ఒకసారి పెట్టిన గీతని చెరపడం కుదరదు. చివరిదాకా హుసేన్ బొమ్మల్లో రంగు కంటే ముందు కనిపించేది ఆ ఆగని గీతే. గుర్రం మెడ దగ్గరైనా, స్త్రీ భుజం దగ్గరైనా ఆ చెయ్యి తడబడదు. ఈ గీతని పికాసో దగ్గర్నుంచి తెచ్చుకున్నాడని రాసిన వాళ్ళున్నారు. పికాసో ప్రభావాన్ని కాదనక్కర్లేదు. అయితే పికాసో పేరు వినక ముందే ఈ పిల్లాడి చేతిలో కలం ఉంది. మదర్సా నుంచి కూడా ఆధునిక చిత్రకళకి దారి ఉండొచ్చని ఒప్పుకోవడానికి మన విమర్శకులకి ఎందుకో మనసు రాదు.

1930లలో బొంబాయి వచ్చాడు. సినిమా బోర్డుల పనిలో చేరాడు. ఆ పనికి చదరపు అడుగుకి నాలుగో ఆరో అణాలు ఇచ్చేవాళ్ళని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. లెక్కేసి చూడండి. ఆరు అడుగులు, పది అడుగుల బోర్డు అంటే 60 చదరపు అడుగులు. నాలుగు అణాల లెక్కన 15 రూపాయలు, ఆరు అణాల లెక్కన ఇరవై రెండున్నర. అదీ ఇస్తే. ఎగ్గొట్టిన వాళ్ళూ ఉన్నారు. చేతిలో నాలుగు డబ్బులు పడగానే సూరత్, బరోడా, అహమ్మదాబాద్ వైపు వెళ్ళి ప్రకృతి దృశ్యాలు వేసుకునేవాడు. అంటే పగలూ రాత్రీ పరాయి మొహాలు గీసి, మిగిలిన డబ్బుతో సొంత బొమ్మ వేసుకునే వ్యవధి కొనుక్కునేవాడన్న మాట. ప్రదర్శనకి తయారవడం అంటే పేదవాడికి ఇదే అర్థం. కాన్వాసుకి ముందు కాలాన్ని కొనుక్కోవాలి.

బోర్డు పని చేతికి ఏం నేర్పుతుంది? చిన్న ఫొటో మీద గళ్ళు గీస్తారు. ఆ గళ్ళనే పెద్ద బోర్డు మీద పెంచి గీస్తారు. దగ్గర నిలబడి గీసేవాడికి ముక్కు ముక్కులా కనిపించదు, ఒక రంగు ముద్దలా ఉంటుంది. రోడ్డు అవతలికి వెళ్ళి చూస్తేనే అది ముక్కు. అంటే చెయ్యి ఒక చోట, చూపు ఇంకో చోట ఉండాలి. చిన్న చిన్న నీడలు పనికిరావు, దూరం నుంచి కనబడవు. పెద్ద రంగు, గట్టి గీత, ఒకటి రెండు గుర్తులు. ఇవి చాలు మనిషిని పట్టివ్వడానికి. ఆలస్యం చేసే వీల్లేదు, శుక్రవారానికి సినిమా మారుతుంది. పాత బోర్డు చెరిపేసి దాని మీదే కొత్తది గీస్తారు. నువ్వు గీసిన మొహం వారమో నెలో బతుకుతుంది. ఆ మొహం నీదని ఎవరికీ తెలియదు.

1941లో ఫజీలాతో పెళ్ళయింది. పిల్లలు పుట్టారు. కుటుంబాన్ని పోషించడానికి ఫర్నిచర్ దుకాణంలో చేరి పిల్లల గదులకి సామాన్లు, చెక్క బొమ్మలు తయారు చేశాడు. ఇది కూడా కళ్ళున్న వాళ్ళకి పాఠమే. చెక్కలో కోసిన బొమ్మకి వివరాలుండవు. ఏనుగు అంటే ఒక వంపు, గుర్రం అంటే ఒక మెడ. పిల్లాడు చూడగానే పోల్చుకుంటాడు. తర్వాత రోజుల్లో ‘జమీన్’ లాంటి పెద్ద కాన్వాసుని చూసినప్పుడు మనుషులూ పశువులూ కోసి పక్కపక్కన పేర్చినట్టు కనిపిస్తాయి. ఆ పేర్పు ఆ ఫర్నిచర్ దుకాణంలోనే మొదలైందని నాకనిపిస్తుంది. ‘జమీన్’ 1955లో లలిత కళా అకాడెమీ జాతీయ బహుమతి తెచ్చుకుంది. బహుమతి గురించి అందరూ రాస్తారు, చెక్క బొమ్మల గురించి ఎవరో గాని రాయరు.

ఇలా 1947 నాటికి హుసేన్ దగ్గర మూడు ఉన్నాయి: మదర్సా గీత, రోడ్డు మొహం, పిల్లల బొమ్మ. మూడూ ‘కళ’ కాదని ఆనాటి పెద్దమనుషులు తేల్చేసినవే. ప్రదర్శన హాల్లోకి ఆయన ఆ మూడింటినీ పట్టుకునే వెళ్ళాడు.

ఆ ఏడే దేశం రెండు ముక్కలైంది. ‘మీ దేశం అక్కడుంది’ అనే మాట అప్పుడే మొదలైంది. హుసేన్ బొంబాయిలోనే ఉండిపోయాడు. ఎఫ్.ఎన్. సూజా పిలిచి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేర్చుకున్నాడు. ఆ గ్రూపు ఎవరిదో గమనించాలి. సూజా గోవా క్రైస్తవుడు. ఎస్.హెచ్. రజా మధ్యప్రదేశ్ ముస్లిం. తోబుట్టువులు పాకిస్తాన్ వెళ్ళిపోతే తను వెళ్ళలేదు. కె.హెచ్. ఆరా మన బొల్లారంలో పుట్టి, బొంబాయిలో ఇళ్ళల్లో పనిచేసి, కార్లు తుడిచి బతికినవాడు. గాడే, బాక్రే మిగతా ఇద్దరు. వీళ్ళని ముందుగా గుర్తించి, బొమ్మలు కొని, పత్రికల్లో రాసిన లాంగ్‌హామర్, ష్లెసింగర్, ఫాన్ లేడెన్ అనే ముగ్గురూ నాజీల కాలంలో ఐరోపా వదిలి బొంబాయి చేరుకున్నవాళ్ళు. సొంత దేశంలో నిలవనీడ లేకుండా పోయిన వాళ్ళు, ఫుట్‌పాత్ నుంచి వచ్చిన చిత్రకారుడికి హాలు తలుపు తీశారు. భారతీయ ఆధునిక చిత్రకళ అని మనం గొప్పగా చెప్పుకునేది ఇలాంటి అంచుల మీది మనుషులు కలిసి కట్టిన ఇల్లు. దానికి ‘ప్రధాన స్రవంతి’ అని పేరు పెట్టడం తర్వాత జరిగిన పని.

1948లో హుసేన్, సూజాతో కలిసి ఢిల్లీ వెళ్ళి, అక్కడ పెట్టిన ప్రాచీన భారతీయ కళా ప్రదర్శన చూశాడు. గుప్తుల కాలపు శిల్పాలు, పహాడీ కొండల్లోని బసోలీ చిత్రాలు ఆయన్ని పట్టుకున్నాయి. శిల్పం నుంచి ఒంటి వంపు, బసోలీ నుంచి మండే రంగు తీసుకున్నాడు. 1949లో గ్రూపు ప్రదర్శన జరిగింది. 1950లో బొంబాయిలో మొదటిసారి తన బొమ్మలు మాత్రమే పెట్టాడు. వెంటనే వచ్చిన మార్పు ఒకటుంది. పోలిక మాయమైంది. పదేళ్ళు పోలిక అమ్ముకుని బతికినవాడు, సొంత గోడ దొరకగానే పోలికని వదిలేశాడు. మొహాలు ఉన్నాయి గానీ ఫలానా మనిషి మొహం లేదు. 1956 నాటి ‘బిట్వీన్ ద స్పైడర్ అండ్ ద లాంప్’ చూడండి. అందులోని స్త్రీలు ఎవరో చెప్పలేం. దీపం మాత్రం మనకి తెలుసు, అది తాత చేసిన దీపం.

తర్వాత తర్వాత మొహం పూర్తిగానే పోయింది. మదర్ థెరిసా మీద వేసిన వరస బొమ్మల్లో నీలం అంచు తెల్లచీర ఉంటుంది, చేతులుంటాయి, ఒళ్ళో పిల్లాడుంటాడు. మొహం ఉండాల్సిన చోట చీకటి. తల్లి ఫొటో కూడా లేని కొడుకు కాబట్టి స్త్రీకి మొహం పెట్టలేకపోయాడని అంటారు. ఆయన కూడా తల్లి మొహం గుర్తులేని బాధ గురించి చాలాసార్లు మాట్లాడాడు. ఆ బాధ నిజం. అయితే బాధ ఒక్కటే బొమ్మని నిలబెట్టదు. మొహం లేకుండానే అది మదర్ థెరిసా అని మనం ఎలా గుర్తుపడుతున్నాం? ఒక నీలం అంచుతో. ఎంత తీసేసినా మనిషి మిగిలే గుర్తు ఏదో తెలిసినవాడు మాత్రమే ఆ పని చేయగలడు. దాన్ని నేర్పింది థియేటర్ ముందు రోడ్డు. పోర్ట్రెయిట్‌ని వదిలేశాడని అనుకుంటాం గానీ, పోర్ట్రెయిట్ నుంచి పోలికని తీసేసి మనిషిని ఉంచాడు.

మన సమాజంలో కొందరు పెద్దలు ఇక్కడ అడ్డు తగులుతారు. ప్రాణమున్న వాటి తస్వీర్ గీయడమే తప్పు, ఇక ఈ మనిషిని మనవాడని ఎలా అనుకుంటాం అని. మతం మాట మతం మాటే, దాని మీద ఆలిముల మధ్య కూడా చర్చ ఉంది. చరిత్రని మాత్రం చూడకుండా ఉండలేం. జహంగీరు దర్బారులో అబుల్ హసన్‌కి ‘నాదిర్ ఉజ్ జమాన్’ బిరుదు దక్కింది మొహాలు గీసినందుకే. ఇరాన్ షా అబ్బాస్ మొహం గీసుకు రమ్మని జహంగీరు రాయబారంతో పంపింది బిషన్‌దాస్ అనే హిందూ చిత్రకారుణ్ణి. మన దక్కనులో బిజాపూరు రెండో ఇబ్రహీం ఆదిల్‌షా బొమ్మలు ఇప్పటికీ ప్రపంచం కళ్ళప్పగించి చూస్తుంది. 17వ శతాబ్దంలో గోల్కొండలో గీసిన సుల్తానుల, వజీర్ల మొహాలని ఐరోపా వ్యాపారులు కట్టలు కట్టలుగా కొని పట్టుకెళ్ళారు. అవి గీసినవాళ్ళ పేర్లు ఎక్కువగా దొరకవు. సంతకం లేని చెయ్యి మనకి కొత్త కాదు. మొహం గీయడం ముస్లిం చేతికి పరాయి పని అనేది చరిత్ర తెలియని మాట.

హుసేన్‌కి సంతకం వచ్చింది. ఒకసారి ఉర్దూలో, ఒకసారి హిందీలో, ఒకసారి ఇంగ్లీషులో పెట్టేవాడు. మూడు లిపులూ తనవే అన్నట్టు. దేశం కూడా కొన్నాళ్ళు అలాగే చూసింది. పద్మ పురస్కారాలు వచ్చాయి. 1986లో రాజ్యసభకి నామినేట్ చేశారు. ఆయన తప్పులు కూడా చెప్పుకోవాలి. ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీని దుర్గగా చిత్రించాడు. దేశం నోరు నొక్కిన వాళ్ళకి కుంచెతో హారతి పట్టడం అది. దాన్ని సమర్థించాల్సిన పని మనకి లేదు. ఆయన్ని పీరుని చేసి చాదర్ కప్పక్కర్లేదు. చిత్రకారుణ్ణి చిత్రకారుడిగా విమర్శించే హక్కు కోసమే కదా ఈ గొడవంతా.

1996లో ఆ హక్కు పోయింది. ‘విచార్ మీమాంస’ అనే హిందీ పత్రిక, ఆయన 1970లలో వేసిన దేవతల బొమ్మల్ని బయటికి తీసి, ఈయన చిత్రకారుడా, కసాయా అని అడిగింది. ఆ మాట ఊరికే రాలేదు. కసాయి అనేది మనలో ఒక వృత్తి, ఒక బిరాదరీ పేరు. ఆ మాట వేసిన క్షణంలోనే బొమ్మ పక్కకి పోయి పేరు ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళ పాటు ఎవరినీ నొప్పించని గీత, గీసినవాడి పేరు పైకి చదివి వినిపించగానే నొప్పించడం మొదలుపెట్టింది. నిజంగా మనసు నొచ్చుకున్న భక్తులు ఎవరూ లేరని నేననను. వాళ్ళతో మాట్లాడొచ్చు, వాదించొచ్చు. కానీ మాట్లాడటానికి వచ్చినవాళ్ళు ఎక్కడ? 1996 అక్టోబరులో అహమ్మదాబాద్ గ్యాలరీలో ఆయన బొమ్మల్ని ధ్వంసం చేశారు. 1998లో బొంబాయిలో ఆయన ఇంటి మీద పడ్డారు. దేశం నలుమూలలా కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచి వెళ్ళాడు. 2008 మేలో ఢిల్లీ హైకోర్టు ఆయన మీది కేసుల్ని కొట్టేసింది. చట్టం దారి ఇచ్చినా రోడ్డు ఇవ్వలేదు. అదే ఏడు ఆగస్టులో ఢిల్లీలో జరిగిన మొదటి ఇండియా ఆర్ట్ సమ్మిట్‌లో ఆయన బొమ్మ ఒక్కటి కూడా పెట్టలేదు, దాడులు జరుగుతాయన్న భయంతో. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు. 2011 జూన్ 9న లండన్‌లో చనిపోయాడు. అక్కడి మట్టిలోనే కలిశాడు.

తొలి ప్రదర్శన కోసం పదేళ్ళకి పైగా రోడ్డు మీద పడి తయారైన మనిషికి, 92 ఏళ్ళ వయసులో, సొంత దేశపు ప్రదర్శనలో మేకు కొట్టుకునేంత గోడ లేకుండా పోయింది.

ఇదే కాలంలో తెలుగులో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1992 డిసెంబరు తర్వాత ముస్లిం కవులు ఒక్కొక్కరే సొంత గొంతుతో ముందుకొచ్చారు. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. బొంబాయిలో ఒక పేరు మీద దాడి జరుగుతున్న రోజుల్లోనే ఇక్కడ మనవాళ్ళు తమ పేర్లని తామే గట్టిగా పలికారు. నేను ముస్లింని, ఇది నా బతుకు, ఇది నా తెలుగు అన్నారు. హుసేన్ ఎప్పుడూ అలా అనలేదు. తను ముస్లిం చిత్రకారుణ్ణి అని చెప్పుకోలేదు. చెప్పుకోకపోయినా వదల్లేదు. అస్తిత్వం గురించి మాట్లాడేవాళ్ళు లేనిపోని గోడలు కడుతున్నారని ఆక్షేపించే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. గోడ ముందే ఉంది. మన కవులు దాని మీద తమ పేరు రాశారు, అంతే.

సెక్యులర్ మిత్రులతో ఇంకో మాట. హుసేన్‌ని సమర్థించాల్సి వచ్చినప్పుడల్లా మీరు ఆయన రామాయణ చిత్రాలని బయటికి తీస్తారు. లోహియా సూచనతో, హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ ఆదరణతో, ఏళ్ళ తరబడి వేసిన బొమ్మలవి. మన నగరంతో ముడిపడిన గొప్ప పని. కానీ దాన్ని మీరు చూపించే తీరు నాకు కష్టంగా ఉంటుంది. చూడండి, సాయిబైనా రాముణ్ణి గీశాడు, కాబట్టి మంచివాడు అన్నట్టు ఉంటుంది. అది బొమ్మని చూడటం కాదు, గుర్తింపు కార్డు తనిఖీ చేయడం. పండరిపురంలో పుట్టి, ఇందోరు రామలీలలు చూస్తూ పెరిగిన పిల్లాడికి రాముడు ఇంటి పక్కవాడు. తనకి తెలిసిన కథని గీశాడు. రామాయణం గీయని ముస్లిం చిత్రకారుడు ఉంటే, ఖాళీగా ఒక కుర్చీ గీసుకునేవాడు ఉంటే, వాడికి ఈ దేశంలో అదే గోడ దొరకాలి. దొరుకుతుందని గుండె మీద చెయ్యేసి చెప్పగలరా?

మనవాళ్ళు కూడా తక్కువ తినలేదు. 2004లో హుసేన్ తీసిన ‘మీనాక్షీ’ సినిమా విడుదలైంది. కథ నడిచే మూడు నగరాల్లో ఒకటి హైదరాబాదు. అందులోని ఖవ్వాలీలో ఖురాన్ పదాలు వాడారని ఉలేమా సంఘం అభ్యంతరం చెప్పింది. సినిమాని థియేటర్ల నుంచి తీసేశారు. అటు దేవతల పేరు మీద, ఇటు ఖురాన్ పేరు మీద, రెండు వైపులా ఒకే పని జరిగింది. బొమ్మని చూడకుండా తీర్పు చెప్పడం. కొడవళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళూ, తీర్మానం రాసి పంపినవాళ్ళూ సమానమని నేననడం లేదు. బలం ఎవరి చేతిలో ఉందో మనకి తెలుసు. అయితే మన చేతిలో ఉన్న కొద్ది బలాన్ని మనం దేనికి వాడామో కూడా మనమే చెప్పుకోవాలి.

ఇప్పటి సంగతి చూడండి. 2025 జనవరిలో ఢిల్లీలో ఒక గ్యాలరీ పెట్టిన హుసేన్ బొమ్మల్లో రెండింటిని స్వాధీనం చేసుకోమని అక్కడి కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. రెండు నెలలు తిరక్క ముందే మార్చిలో న్యూయార్క్‌లో ఆయన 1954 నాటి ‘గ్రామ్ యాత్ర’ వేలంలో కోటీ ముప్పై లక్షల డాలర్లకి పైగా పలికింది. అప్పటిదాకా ఏ భారతీయ ఆధునిక చిత్రానికీ అంత ధర రాలేదు. చదరపు అడుగుకి నాలుగు అణాల నుంచి అక్కడిదాకా వచ్చింది ఆ చెయ్యి. చనిపోయి పద్నాలుగేళ్ళయినా ప్రదర్శన మాత్రం ఇంకా అనుమతి అడుక్కుంటూనే ఉంది. బొమ్మకి ధర ఉంది, పేరుకి భద్రత లేదు.

హుసేన్‌ని ఇంతగా తలుచుకోవడానికి నాకు ఇంకో కారణం ఉంది. మన ఊళ్ళలో బోర్డులు రాసిన చేతులు. ఏ చిన్న టౌనుకి వెళ్ళినా ఒకప్పుడు బస్టాండు దగ్గర ఒక పెయింటర్ దుకాణం ఉండేది. వాళ్ళలో ముస్లింలు ఎందరో. కిరాణా దుకాణం మీద వెంకటేశ్వర స్వామిని, లారీ ముందు దుర్గమ్మని, హోటల్లో మక్కా మదీనాని, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల నాయకుల మొహాల్ని, పండక్కి హీరో బ్యానర్ని గీసింది వాళ్ళే. చనిపోయిన నాయనమ్మ పాస్‌పోర్టు ఫొటో తెచ్చిచ్చి, పెద్దది చేసి గీయమంటే, చెంప మీద పోయిన మచ్చని కూడా అడిగి తెలుసుకుని గీసిన వాళ్ళు. కొందరు బోర్డు మూలన చిన్నగా పేరు రాసుకునేవారు, ఏదో ‘ఆర్ట్స్’ అని. ఎక్కువమంది అదీ లేదు. 2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చి ఆ పనిని ఊడ్చేసింది. కుంచె పట్టిన చేతులు ఆటో నడిపాయి, గల్ఫుకి పోయాయి, ఇంకా కొందరు ఇళ్ళకి సున్నాలు వేస్తున్నారు.

వీళ్ళలో ఎందరు హుసేన్‌లు ఉన్నారని నేను అడగను. అది తప్పుడు ప్రశ్న. గ్యాలరీకి ఎక్కినవాడే కళాకారుడు అనే పాత వరసలోకే మళ్ళీ తీసుకుపోతుంది. వీళ్ళు గీసినవాటిని వీళ్ళు గీసినవాటిగా చూశామా అన్నది నా ప్రశ్న. తెలుగులో చిత్రకళ మీద వచ్చిన పుస్తకాల్లో సినిమా బ్యానర్ మీద ఎన్ని పేజీలున్నాయి? ముస్లిం అస్తిత్వం మీద మనమే ఇన్ని వ్యాసాలు రాశాం. బావర్చీల గురించి, దూదేకుల గురించి, బీడీలు చుట్టే ఆడవాళ్ళ గురించి రాశాం. బోర్డు రాసిన చేతి గురించి ఎన్ని రాశాం?

ఒక పని చేయొచ్చు. పాత టాకీసుల వెనక గదుల్లో, కొందరు పెయింటర్ల ఇళ్ళ అటకల మీద ఇంకా కొన్ని గుడ్డ బ్యానర్లు, గళ్ళు గీసిన ఫొటోలు, సగం గీసిన మొహాలు మిగిలి ఉంటాయి. వాటిని వెతకాలి. గీసిన వాళ్ళు బతికుంటే కూర్చోబెట్టి పని ఎలా చేసేవారో చెప్పించుకుని రాసుకోవాలి. ఏ జిల్లా గ్రంథాలయం హాల్లోనో, ఏ ఫంక్షన్ హాల్లోనో వరసగా తగిలించాలి. పేర్లు దాచొద్దు. ఇన్నాళ్ళూ దాచింది చాలు. మహబూబ్ గీసిన వెంకటేశ్వర స్వామి కింద మహబూబ్ అనే రాయాలి. చూడ్డానికి వచ్చేవాళ్ళు ముందు బొమ్మ దగ్గర ఆగుతారో, కింద పేరు దగ్గర ఆగుతారో ఆ రోజు తెలుస్తుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి మనకి ధైర్యం ఉంటే, హాలు అద్దె పెద్ద ఖర్చేమీ కాదు.